పగలని గాజు

రాళ్ళు మోసి తెచ్చి రామునకై సేతు
కట్టి పేరు లేక గడచినట్టి
కూలి చేతులందు కొలువున్న దైవమా
కావుమయ్య మమ్ము కరుణతోడ.

శ్రీరామచంద్రా! నీ సేతువులో ఏ రాయి ఎవరి భుజం మీద వచ్చిందో ఎరిగినవాడవు నీవొక్కడివే. నీ పేరు తలచుకొని, ఒక చిన్న వంతెనను పద్నాలుగేళ్ళు కనిపెట్టుకొని ఉన్న ఒక కూలివాని కథ చెప్పబోతున్నాను. ఉన్నదానికి ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట దాచకుండా చెప్పే బుద్ధి ప్రసాదించు.

*

పందొమ్మిది వందల తొంభై, జ్యేష్ఠ మాసం. రోహిణి కార్తె ఎండలకు రామగుండం వైపు నుండి వచ్చే గాలి తెల్లవారకముందే పొయ్యి మీది సెగలా ఉంది. ఆగయ్య జిల్లేడువాగు వంతెన పక్క నుండి గట్టు దిగి, ఎండిన ఇసుకలో నడిచి, నడిమి కమాను కిందికి వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు కుడిచేత్తో స్తంభాన్ని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. పని ముగించి పైకి వచ్చేటప్పుడూ అంతే; అది అతనికి ఎవరో నేర్పిన అలవాటు కాదు.

నిజాము కాలంలో కట్టిన వంతెన అది. మూడు కమానులు. రాయి కాదు, ఇటుక కాదు; సిమెంటు కాంక్రీటును కమానులుగా పోసి నిలబెట్టారు. పిట్టగోడ మొదట్లో ఒక నల్లరాతి పలక మీద ఉర్దూలో, ఆ కాలపు సంవత్సరాల లెక్కలో, పదమూడు వందల నలభై ఐదు ఫసలీ అని చెక్కి ఉంది. దాని పక్కనే, రోడ్ల శాఖ వారు తరువాత పాతిన రేకు బోర్డు మీద ‘ఎనిమిది టన్నులకు మించిన బండ్లు పోరాదు’ అని ఉంది. పలక మీది అక్షరాలు యాభై నాలుగేళ్ళయినా చెక్కుచెదరలేదు. బోర్డు మీది అక్షరాలకు ఆగయ్యే ఏడాదికొకసారి రంగు దిద్దుతాడు.

చిన్న సుత్తి తీసుకొని, కమాను స్తంభం మీద కూర్చునే చోట జానెడుకొకసారి తట్టుకుంటూ, తల పక్కకు వాల్చి వింటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట ఇత్తడి చెంబు మోగినట్టు మోగుతుంది. లోపల గుల్ల పడితే ఎండిన సొరకాయ బుర్ర మీద తట్టినట్టు పలుకుతుంది. మొదటి మూడు చోట్లా చెంబు. నాలుగవ చోట బుర్ర. అక్కడే పగులు ఉంది. స్తంభం దగ్గర మొదలై, కమాను వంపు వెంట చీమలబారులా పైకి పాకింది.

పగులుకు అడ్డంగా వేలెడు పొడవు గాజుముక్క ఒకటి, రెండు కొసలకు సిమెంటు ముద్ద పెట్టి అతికించి ఉంది. పగులు కదలకుంటే గాజు కదలదు. పగులు వెంట్రుకవాసి తెరుచుకున్నా గాజు తాళలేక విరుగుతుంది. ఎనభై ఆరు వరదలో కొట్టుకొచ్చిన మద్దిమాను తగిలి ఈ పగులు పడినప్పుడు, అప్పటి ఇంజనీరు ఒకాయన ఆగయ్యకు ఈ పద్ధతి నేర్పాడు. గాజు విరిగిననాడే వచ్చి చెప్పాలి, విరిగిననాడే కొత్తది పెట్టాలి, దాని మీద తేదీ వేయాలి. ఈ మూడు మాటలు చెప్పి ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు. తరువాత మూడేళ్ళు గాజు విరగలేదు.

ఇప్పుడు విరిగింది. సరిగ్గా నడుమకు, కత్తితో కోసినట్టు.

ఆగయ్య కాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఈ వేసవిలో ఇది నాలుగవది. చేతి ఉలితో సిమెంటు ముద్దలను మెల్లగా గీకి, రెండు ముక్కలనూ ఊడదీసి, నడుముకు చెక్కుకున్న రేకు డబ్బాలో వేసుకున్నాడు. అందులో ఇప్పటికే ఆరు ముక్కలున్నాయి.

గట్టెక్కేసరికి, వంతెన మొదట్లో పంక్చరు దుకాణం పెట్టుకున్న జలాలుద్దీన్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తున్నాడు.

“ఏమైంది ఆగన్నా, పాయెనా?”

“పాయె జలాల్ భాయ్. నడుమకిరిగింది.”

“నాలుగోదా?”

“నాలుగోది.”

“బాగున్నదిరా భాయ్ మీ ఇద్దరి ముచ్చట. గాజులు తొడుగుడు నీ వంతు, పగలగొట్టుడు సత్తిబాబు వంతు.” జలాలుద్దీన్ బుడగ దొరికిన చోట వేలితో నొక్కిపట్టి నవ్వాడు. “పో, పోయి చెప్పు మీ సారుకు. జల్ది పో. ఎండ ముదిరితే ఆయన పూజకాడికెల్లి లేవడు.”

మాట పూర్తికాకముందే వంతెన అవతలి కొసన ధూళి లేచింది. సత్తిబాబు టిప్పర్లు. గోదావరి ఇసుకను బొగ్గు బాయిలకు చేరవేసే గుత్త అతనిది. భూమిలోపల బొగ్గు తీసిన ఖాళీలను ఆ ఇసుకతో నింపుతారు. ఒక్కో బండి పదహారు, పద్ధెనిమిది టన్నుల బరువుతో, ఒకదాని వెనుక ఒకటి, తడి ఇసుక నీళ్ళు కార్చుకుంటూ ఎనిమిది టన్నుల బోర్డును దాటుకొని పోయాయి. ఆగయ్య చెప్పులు లేని పాదాల కింద వంతెన సన్నగా వణికింది. అతను లెక్కపెట్టలేదు. అరికాలుతో విన్నాడు.

*

సెక్షను ఆఫీసులో ఇంజనీరు భీమశంకరం అప్పుడే జపం ముగించి, నుదుట గంధం ఆరకముందే ఫైళ్ళ ముందు కూర్చున్నాడు. కోస్తా నుండి వచ్చిన మనిషి. నెమ్మదస్తుడు. కూలివాళ్ళను కూడా ‘అయ్యా’ అనే పిలుస్తాడు. నోరు జారడు, చేయి చాచడు, ఎవరినీ కాదనడు.

“రావయ్యా ఆగయ్యా. మళ్ళీ విరిగిందంటావు, అంతేనా?”

“ఇరిగింది సారూ.”

“గాజన్నాక విరుగుతుందయ్యా. ఎండకి విరుగుతుంది, చలికి విరుగుతుంది. నువ్వు సుత్తితో కొడుతూ ఉంటావు, ఆ అదురుకీ విరుగుతుంది.”

“మూడేండ్లు ఎండలు కొట్టినై సారూ. సుత్తి గిదే. ఇరగలె. బండ్లొచ్చినంక ఇరుగుతున్నది.”

భీమశంకరం కళ్ళద్దాలు తీసి కండువా అంచుతో తుడిచాడు.

“గురువారం పెద్దాయన తనిఖీకి వస్తున్నారు. వంతెన బాగుందని రాస్తే బండ్లకి అనుమతి పొడిగిస్తారు. బాగాలేదని రాస్తే బండ్లు ఆగుతాయి, బాయిలకి ఇసుక ఆగుతుంది, పైనుంచి నలుగురు ఫోన్లు చేస్తారు. వాళ్ళకి సమాధానం నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?” కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. “మస్టరు కూలీగా ఎన్నేళ్ళయింది నీకు?”

“పద్నాలుగు సారూ.”

“పర్మినెంటు చేసేవాళ్ళ లిస్టు పోయింది. మూడో పేరు నీది. నా చేత్తో నేనే రాశాను.”

పద్నాలుగేళ్ళుగా ప్రతి వానాకాలం మొదట్లో ‘రేపటి నుండి రావద్దు’ అంటారేమోనని భయపడుతూ బతికిన మనిషి ఆగయ్య. దండం పెట్టడానికి చేతులు వాటంతటవే లేచాయి.

భీమశంకరం సొరుగు లాగి, కాగితంలో చుట్టిన వస్తువొకటి బల్ల మీద పెట్టాడు. ఆగయ్య విప్పి చూశాడు. వేలెడు పొడవు, బొటనవేలంత వెడల్పు. నీళ్ళలా తేటగా ఉంది. బరువు లేదు. కొద్దిగా వంచి చూస్తే వంగింది. బడిపిల్లలు గీతలు గీసుకునే అద్దంలాంటి ప్లాస్టిక్కు స్కేలు ముక్క. బ్లేడుతో గీకినా, వెలుతురుకు పెడితే నాలుగు, ఐదు అంకెల జాడలు ఇంకా కనిపిస్తున్నాయి.

“గిది గాజు కాదు గద సారూ.”

“కనబడడానికి గాజే.”

“గిది ఇరగది.”

“విరగకపోవడమే కదయ్యా మనకి కావలసింది?”

బల్ల మీద దేవుని పటం ముందు అగరువత్తి పొగ నిటారుగా లేస్తోంది. ఆగయ్య ఆ ముక్కను మళ్ళీ కాగితంలో చుట్టాడు. చుట్టి, రేకు డబ్బాలో కాకుండా, అంగీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అతను సిమెంటు తడిపాడు. ఎప్పటిలా జల్లించి, ఎప్పటిలా నీళ్ళు చిలకరించి, అరచేతిలో ముద్ద చేశాడు. పగులు పక్కన కాంక్రీటును కొబ్బరిపీచుతో రుద్ది కడిగాడు. ముక్కను అడ్డంగా నిలిపి, రెండు కొసలా ముద్దలు అద్ది, బొటనవేలితో అంచులు సాపు చేశాడు. అగ్గిపుల్లకు ఎర్రరంగు అద్ది తేదీ వేశాడు. చేతులు తమ పనిని తప్పు లేకుండా చేశాయి. తప్పు ఎక్కడుందో వాటికి తెలియదు. పైకి వచ్చేటప్పుడు మాత్రం స్తంభాన్ని తాకి కళ్ళకద్దుకోవడం మరిచిపోయాడు.

*

గురువారం రెండు జీపులు వచ్చాయి. పెద్దాయన గట్టు దిగలేదు. కొత్త బూట్లకు ఇసుక అంటుతుందని కాబోలు, పిట్టగోడ మీద చేయి వేసి వంగి చూశాడు. వాలుగా పడిన ఎండలో ముక్క తళుక్కుమంది.

“గాజు టెల్‌టేల్ ఇంటాక్ట్‌గా ఉందిగా?” అన్నాడు.

“చిత్తం. నెలగా విరగలేదండి,” అన్నాడు భీమశంకరం.

సత్తిబాబు తెచ్చిన కొబ్బరిబొండాలు తాగి అందరూ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు సత్తిబాబు ఆగయ్య భుజం తట్టి, “బాగా అతికించావురా. నీ చేతిలో ఏదో ఉందిరోయ్,” అని నవ్వాడు.

తరువాత వచ్చిన మంగళవారం నాడు ఆర్డరు చేతికి వచ్చింది.

భార్య ఐలవ్వ ఆ కాగితాన్ని పసుపు చేతులతో తాకవచ్చునో కూడదో తెలియక, చెంగుతో పట్టుకొని దేవుని గూట్లో పెట్టి, మళ్ళీ తీసింది. పక్కింటి సమ్మవ్వను కేకేసింది. “ఓ సమ్మక్కా! మా ఆయన సర్కారు మనిషైండే! ఇగ వానాకాలమైనా జీతమొస్తదట!” పరమాన్నానికి బెల్లం తేవడానికి తానే పరుగెత్తింది. ఆమె పరుగెత్తగా ఆగయ్య ఎన్నడూ చూడలేదు.

ఆర్డరు తెలుగులోనే ఉన్నా ఆగయ్యకు పేరూ నాలుగు చిన్న మాటలూ రాయడం, బోర్డు మీది అక్షరాలు దిద్దడం తప్ప అంత చదువు రాదు. జలాలుద్దీన్ దగ్గరికి పట్టుకుపోయాడు. జలాలుద్దీన్ నూనె చేతులు గుడ్డతో తుడుచుకొని, ముందు ఆగయ్యను కౌగిలించుకొని, తరువాత కాగితం విప్పాడు.

“ముబారక్ రా భాయ్. ‘జిల్లేడువాగు వంతెన సంరక్షకుడిగా నియమించడమైనది...’ నీ పేరు, మీ నాయిన పేరు. ‘ప్రతి దినము వంతెనను పరీక్షించి, గాజుపట్టీ పరిస్థితిని రిజిస్టరులో నమోదు చేసి సంతకము చేయవలెను...’” గొంతు నెమ్మదించింది. “‘వంతెనకు కలుగు ఏ నష్టమునకైనను, ప్రమాదమునకైనను సంరక్షకుడే పూర్తి బాధ్యుడు.’”

“అంటే?”

“ఉండు, ఇంకున్నది. ‘ప్రమాదము శంకించినచో వెంటనే రాకపోకలను నిలిపివేసి పై అధికారులకు తెలుపవలెను.’ గిదయ్యా.” కాగితం మడిచాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది కానీ కళ్ళలో లేదు. “రిజిస్టరిచ్చిండ్రా?”

ఇచ్చారు. ఆఫీసు జవాను ఆర్డరుతోపాటు తెచ్చాడు. పేజీలకు అంకెలు వేసి, దారం కట్టి, లక్క ముద్ర వేసిన పుస్తకం. ఏప్రిల్ ఒకటి నుండి నిన్నటి వరకు ప్రతి వరుసలోనూ ఎవరో ముందే ముచ్చటైన అక్షరాలతో ‘గాజుపట్టీ చెక్కుచెదరలేదు’ అని రాసి ఉంచారు. చివరి గడి మాత్రం ఖాళీ. సంతకం కోసం.

జలాలుద్దీన్ చాలాసేపు పేజీలు తిప్పాడు.

“ఆగన్నా, మస్టరు కూలి మీద కేసు నిలవది. నిన్న ఉన్నవాడు ఇయ్యాల ఉండడు. రేపు వంతెన కూలి బస్సు పడ్డదనుకో, పట్టుకపోనీకి ఒక పర్మినెంటు మనిషి గావాలె. గది నువ్వు.” పుస్తకం మూసి అతని ఒళ్ళో పెట్టాడు. “నీకు నౌకరీ ఇయ్యలేదురా భాయ్. నీ పేరు తీసుకున్నరు.”

ఇంటికి వచ్చేసరికి పరమాన్నం చల్లారిపోయి ఉంది. ఐలవ్వ ఎందుకాలస్యమని అడిగింది. ఆగయ్య గిన్నె అందుకొని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. బాగుందని కూడా అన్నాడు.

*

బుధవారం పొద్దున్నే గట్టు దిగి, ఉలితో స్కేలు ముక్కను ఊడదీశాడు. అది వంగి, విల్లులా తిరిగి లేచింది. దానిని డబ్బాలో వేశాడు. ఖని బజారులో దేవుని పటాలు కట్టే దుకాణం నుండి తెచ్చుకున్న గాజుముక్కల్లో మంచిది ఏరి, అతికించి, తేదీ వేసి, సిమెంటు ఆరేదాకా పది గంటల వరకు తడిగుడ్డ కప్పి ఉంచాడు. తరువాత గుడ్డ తీసి, ఎదురుగా ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు.

పైన మొదటి టిప్పరు పోయింది. గాజు నిలిచింది. రెండవది, మూడవది. పగులు పక్కనుండి పిండిలాంటి ధూళి రాలి అతని మోకాళ్ళ మీద పడింది. ఆరవ బండి నడిమి కమాను మీదికి వచ్చినప్పుడు టిక్కుమని చప్పుడైంది. చీమంత చప్పుడు. ఆగయ్య కళ్ళు మూసుకోలేదు. గాజు నడుమ గీత పడడం చూశాడు.

లేచాడు. శాఖ వారు ఇచ్చిన రెండు ఎర్రజెండాలు తీసుకున్నాడు. వాగు ఒడ్డు నుండి తుమ్మకంప కొట్టి ఈడ్చుకొచ్చి, వంతెనకు రెండు కొసలా అడ్డం వేశాడు. కంప ముందర మోకాలెత్తు రాళ్ళు పేర్చి, వాటి నడుమ జెండాలు నాటాడు. జలాలుద్దీన్ దుకాణం ముందు నిలబడి చూశాడు కానీ సాయానికి రాలేదు. వద్దనీ అనలేదు. ఆగయ్య రిజిస్టరు తెరిచి, ముందే రాసి ఉంచిన వరుసలన్నీ ఖాళీ గడులతోనే వదిలేసి, వాటి కింద తన వంకర అక్షరాలతో రాశాడు: ‘గాజు పగిలింది. వంతెన మూసిన. ఆగయ్య.’

ఆ తరువాత, పద్ధతి ప్రకారం, విరిగిననాడే కొత్తది పెట్టాలి కనుక, మళ్ళీ కిందికి దిగి ఇంకొక గాజు అతికించి తేదీ వేశాడు.

మధ్యాహ్నానికి బండ్లు రెండు వైపులా నిలిచిపోయాయి. మంథని బస్సు కూడా నిలిచింది. సత్తిబాబు మోటారు సైకిలు మీద వచ్చి, కంపను కాలితో తన్నబోయి, ముల్లు దిగి ఒంటికాలి మీద గెంతాడు.

“ఏరా, ఎవడు మూయమన్నాడ్రా నిన్ను?”

“ఆర్డరు మూయమన్నది సారు.”

“ఆర్డరా? నిన్నగాక మొన్న పర్మినెంటు అయ్యావు, అప్పుడే కలెక్టరువా?”

“పర్మినెంటు అయిన గనుకనే మూసిన. మస్టరు కూలినైతే మూయనీకి నాకేం హక్కున్నది? ఆర్డర్ల రాసున్నది, సదువుకో.”

బస్సులో నుండి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఒక ముసలమ్మ మాత్రం, “నీ అధికారం మన్నుల గలువ! ఈ ఎండల నన్ను నడిపిస్తవారా?” అని తిట్టుకుంటూ మూట నెత్తిన పెట్టుకొని వంతెన మీద నడక సాగించింది. మనుషులు నడవడానికి ఆగయ్య దారి వదిలాడు.

భీమశంకరం జీపులో వచ్చాడు. రిజిస్టరు అడిగి తీసుకొని, ఆ ఒక్క వరుసను మళ్ళీ మళ్ళీ చదివాడు. పేజీ అంచు పట్టుకున్నాడు. పేజీకి అంకె ఉంది. దారానికి లక్క ఉంది. చేయి వెనక్కు తీసుకున్నాడు.

“కంప తీయించండి గురువుగారూ, సాయంత్రానికి వంద టన్నులు పోవాలి,” అన్నాడు సత్తిబాబు.

“తీయించవచ్చు. కానీ ప్రమాదం లేదని కింద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.”

“మీరు పెట్టండి.”

భీమశంకరం కలం తీయలేదు. జీపు ఎక్కబోతూ ఆగయ్య వైపు తిరిగి, చాలా మెత్తగా, “నీకు మంచి చేయబోయానయ్యా,” అన్నాడు. ఆ మాటలో ఆయనకు ఏ దోషమూ కనిపించి ఉండదు.

*

పదకొండు రోజులు గడిచాయి. టిప్పర్లు మంథని వైపు చుట్టుదారి పట్టాయి. బస్సు రావడం మానేసింది. సమ్మవ్వ కోడలికి నొప్పులు వస్తే, మంచం మీద వంతెన దాటించి, అవతల ఎడ్లబండి ఎక్కించి దవాఖానకు తీసుకుపోయారు. దారిలోనే ప్రసవించింది. బిడ్డ దక్కింది, తల్లి నెత్తురు పోయి మంచాన పడింది. ఆనాటి నుండి సమ్మవ్వ ఆగయ్య గడప ముందు నుండి పోయేటప్పుడు మొహం తిప్పుకుంటోంది. ఐలవ్వ నీళ్ళకు పోతే బావి దగ్గర మాటలు ఆగిపోతున్నాయి.

“ఊరందరికీ బస్సు లేకుండ చేసినవు. ఏమొచ్చిందయ్యా నీకు?” అని ఆమె ఒకసారి అడిగింది. మళ్ళీ అడగలేదు.

విచారణకు కరీంనగర్ నుండి అధికారి వస్తున్నాడని ముందురోజు కబురు వచ్చింది. సాయంత్రం జలాలుద్దీన్, పంక్చరు వేయడానికి ఒక్క టైరైనా లేక, వాగు గట్టున కూర్చొని ఉన్నాడు. ఆగయ్యను చూసి పక్కన చోటు చూపించాడు.

“కిందికి దిగి చూసినవా ఇయ్యాల?”

“చూసిన.”

“ఎట్లున్నది గాజు?”

“గట్లనే ఉన్నది. బండ్లు పోతలెవ్వు. ఎందుకిరుగుతది?”

“గదే చెప్తున్న. రేపు ఆ సారొచ్చి చూస్తడు. గాజు మంచిగున్నది, పగులు కదుల్తలేదు, ఆగయ్య అబద్ధాలకోరు అని రాస్తడు. నీ డబ్బల ముక్కలు చూపెడుతవు. గాజు యాడనన్న పగుల్తదంటడు.” జలాలుద్దీన్ నేల మీది చిన్న రాయి తీసి వాగులోకి విసిరాడు. “ఒక్క దెబ్బ ఆగన్నా. గంతే. చిటికెడు దెబ్బ. ఇరిగిన గాజు ఇరిగినట్టే కనబడాలె. నువ్వు చెప్పింది నిజమే గద? నిజానికి ఒక దెబ్బ సాయం చేస్తే తప్పేంది?”

ఆగయ్య ఎండ వాలుతుండగా గట్టు దిగాడు.

గాజు తేటగా ఉంది. ఎర్రరంగు తేదీ పదకొండు రోజుల కిందటిది. సుత్తి చేతిలోనే ఉంది. ఎన్ని వేలసార్లు ఆ సుత్తితో ఈ కమానును తట్టి పలకరించాడో లెక్క లేదు. చేయి ఎత్తాడు. మణికట్టు కదిపితే చాలు. ఐలవ్వ పరుగెత్తి తెచ్చిన బెల్లం, సమ్మవ్వ తిప్పుకున్న మొహం, వచ్చే ఇరవై ఏళ్ళ జీతం, అన్నీ ఆ వేలెడు గాజు మీద ఆని ఉన్నాయి.

విరగనిదాన్ని అతికించి విరగలేదని ఒకసారి చెప్పాడు. ఇప్పుడు విరగనిదాన్ని విరగగొట్టి విరిగిందని చెప్పాలి. రెండింటికీ చేయి ఇదే.

చేయి దించాడు. కమాను అంచు సందులో ఒక రావి మొలక తల ఎత్తుతోంది. వేరు దిగితే కాంక్రీటు చీలుతుంది. సుత్తి పక్కన పెట్టి, ఉలి తీసి, దానిని వేరుతో సహా పెకలించాడు. స్తంభాన్ని తాకి, కళ్ళకద్దుకొని పైకి వచ్చాడు.

“కొట్టినవా?” అన్నాడు జలాలుద్దీన్.

“లేదు.”

జలాలుద్దీన్ అతని మొహంలోకి కాసేపు చూసి, “యా అల్లా” అని మాత్రం అన్నాడు.

*

విచారణ అరగంటలో ముగిసింది. అధికారి గట్టు దిగాడు; అంతమట్టుకు మెచ్చుకోవాలి. కలం కొసతో గాజును తట్టి చూశాడు. పగలలేదు.

“ఇది నువ్వు అతికించినదేనా?”

“నేనే సారూ.”

“మూసిన రోజు తేదీయే ఉంది. అప్పటి నుండి విరగలేదు. అంటే పగులు కదలడం లేదు.”

“మోసేటోని నెత్తి మీది మూట దించినంక కాళ్ళు వణుకుతయా సారూ? బండ్లు పోతలెవ్వు. ఒక్క దినం బండ్లు పోనియ్యి, ఇక్కడ కూసొని చూడు.”

“మూసిన వంతెన మీద బండ్లు ఎలా పంపిస్తాం? ఎవరు బాధ్యులు?”

ఆగయ్య రేకు డబ్బా తెరిచి ముక్కలు చూపించాడు. స్కేలు ముక్కను కూడా చూపించి, వెలుతురుకు పెట్టి, “నాలుగు, ఐదు అంకెలున్నై చూడు సారూ. గిది పెట్టమన్నది గీ సారే,” అన్నాడు. అధికారి, పక్కనే నిలబడ్డ భీమశంకరం వైపు చూశాడు.

“బడిపిల్లల స్కేలులా ఉందండీ. ఎక్కడ దొరికిందో అతనికి,” అన్నాడు భీమశంకరం. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేయి మెడలోని రుద్రాక్షను తడుముకుంటోంది.

వారం తిరగకముందే ఆర్డరు రద్దయింది. ఆధారం లేకుండా వంతెన మూసి ప్రజలకు ఇబ్బంది కలిగించినందుకు మస్టరు పని కూడా పోయింది. చిత్రమేమిటంటే, వంతెన మాత్రం తెరుచుకోలేదు. మూసినట్టు ముద్ర వేసిన పుస్తకంలో సంతకం ఉంది. ప్రమాదం లేదు, తెరవవచ్చు అని దాని కింద సంతకం పెట్టేవాడు భీమశంకరం కాలేదు. విచారణకు వచ్చినవాడు కాలేదు. కొబ్బరిబొండాం తాగిన పెద్దాయనా కాలేదు. ఆగయ్య అబద్ధాలకోరని రాయడానికి మూడు సంతకాలు దొరికాయి. అతను చెప్పింది అబద్ధమని నమ్మి బండి నడిపించడానికి ఒక్కటీ దొరకలేదు.

జలాలుద్దీన్ దుకాణాన్ని సెంటినరీ కాలనీ మలుపుకు మార్చుకున్నాడు. గాలి మిషను ట్రాలీ మీద ఎక్కిస్తూ, వెళ్ళే ముందు ఒక్క మాట అన్నాడు.

“కూలితే నువ్వు నిజమయ్యేటోడివిరా.”

“కూలొద్దనే గద మూసిన భాయ్.”

“గదే నీ ఖర్మ.” జలాలుద్దీన్ ట్రాలీ తాడు బిగించి ముడి వేశాడు. ముడి సరిగా పడలేదు. విప్పి మళ్ళీ వేశాడు. కళ్ళు ఎత్తలేదు.

ఆరుద్ర కార్తె వచ్చింది. మొదటి వానకు జిల్లేడువాగు ఎర్రనీళ్ళతో పారింది. ఆగయ్య ఇప్పుడు సీతంపేట వైపు కూలికి పోతున్నాడు. పోయేముందు పొద్దున్నే ఒకసారి గట్టు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పెట్టమన్నవారు లేని గాజును చూసి వస్తున్నాడు. తుమ్మకంప ఎండి, దాని మీద మేకలు మేస్తున్నాయి. పైన ఊరివాళ్ళు మూటలతో, తిట్లతో నడిచిపోతున్నారు. కింద గాజు అలాగే తేటగా, నిండుగా, అతనికి ఎదురుసాక్ష్యం చెబుతూ ఉంది. ఒకనాడు దాని మీద చేరిన బురదను అతను తన పైకండువాతోనే తుడిచాడు.

ఈ కథ విన్నవారి దారిలో వంతెనలు నిలుచుగాక. వాటి కింద చెవి పెట్టి వినేవారి ఇంట పొయ్యి ఆరకుండుగాక. కూలినప్పుడు మాత్రమే నిజాన్ని నమ్మే గతి ఏ ఊరికీ పట్టకుండుగాక. విన్నవారినీ, చెప్పినవారినీ, నమ్మనివారినీ సేతువు కట్టించిన స్వామి సుఖంగా ఆవలి ఒడ్డుకు చేర్చుగాక. స్వస్తి.